ఇటాలియను భాషాసాహిత్యముల అధ్యయనము: పీఠములు, ప్రతులు, పాఠములు

తెలుగును 'ప్రాచ్య ఇటాలియను' అని కొనియాడుట మనలో చిరకాలముగా నున్న వాడుక. పాఠ్యగ్రంథముల పీఠికలలోను, సభాప్రసంగములలోను ఈ మాట తఱచుగా వినవచ్చుచుండును. దీనిని మొదట పలికినవాడు పదునైదవ శతాబ్దిలో మన దేశమున సంచరించిన నికోలో దె కోంతి అను వెనీసు ప్రాంతపు వర్తకుడని చెప్పుదురు. కోంతి స్వయముగా వ్రాసిన గ్రంథము లేదు. పోజ్జో బ్రాచ్చొలీని అను పండితుడు ఆయన నోట విని లాటినులో రచించిన వృత్తాంతమే మనకు దక్కినది. అందు ఫలానిచోట ఈ ప్రశంస యున్నదని చూపినవారు మాకు ఇంతవఱకు తటస్థపడలేదు. కోంతి పుట్టిన ప్రాంతపు పలుకును చూచినచో సందేహము మఱింత బలపడును. రొట్టెను టస్కనీవారు 'పానె' అందురు. వెనీసువారు 'పాన్' అందురు. మిలానులోను 'పాన్' అనియే. పదములు అజంతములగుట టస్కనీ పలుకునకు లక్షణము కాని, ఇటలీ అంతటికిని సొత్తు కాదు. ఆ పలుకే దేశమంతటికి ప్రమాణభాష యగుటకు ముందు జీవించిన వెనీసువాడు మన అచ్చులను విని 'ఇది మా భాషవలె నున్నది' అనెననుట అంత సులభముగా నమ్మదగినది కాదు.

పొగడ్త సంగతి అట్లుండనిండు. ఏ భాషతో మనలను పోల్చుకొని సంతోషించుచున్నామో ఆ భాషను ఆ దేశమువారు ఎట్లు చదువుకొందురు, ఎప్పటినుండి చదువుకొనుచున్నారు, వారి విశ్వవిద్యాలయములలో ఆ శాఖ విద్యార్థి చేయు పని యెట్టిది అను ప్రశ్నలను మనము అరుదుగా అడిగితిమి. ఈ వ్యాసమున మేము వానినే పరిశీలింపదలచితిమి. వ్రాతప్రతులను, పాఠభేదములను గూర్చి ఒకింత విస్తరించి వ్రాసినచో పాఠకులు సహింతురు గాక. పరిశోధకవిద్యార్థులకు పనికివచ్చు భాగము అదియే యని మా అభిప్రాయము.

ఐరోపాలో విశ్వవిద్యాలయమునకు పుట్టిల్లు ఇటలీయే. బొలోనా విశ్వవిద్యాలయము 1088లో వెలసినదని సంప్రదాయము. పాదువా 1222లోను, నేపుల్సు 1224లోను ఏర్పడినవి. కాని ఆ విద్యాస్థానములలో ధర్మశాస్త్రమైనను, వైద్యమైనను, తర్కమైనను చెప్పినది లాటినులోనే. దేశభాష చదువదగిన విషయమని ఎవరికిని తోచలేదు. 1373లో ఫ్లోరెన్సు నగరపాలకులు బొక్కాచ్చొను పిలిచి, దాంతే కావ్యమును ప్రజలకు వ్యాఖ్యానించి చెప్పుటకు వేతనముపై నియమించిరి. ఒక చర్చిలో కూర్చుండి ఆయన చెప్పిన ఆ పాఠమును విశ్వవిద్యాలయోపన్యాస మనుటకంటె పురాణకాలక్షేప మనుట తగును. నరకఖండములో పదునేడవ సర్గ దగ్గఱకు వచ్చునప్పటికి ఆరోగ్యము చెడి ఆ వ్యాఖ్యానము నిలిచిపోయెను. ఇట్టి గంభీరకావ్యమును బజారుజనము ముందు విప్పి పెట్టినాడని కొందఱు ఆయనను నిందించిరి. అందుకు నొచ్చుకొని ఆయన పద్యములు కూడ వ్రాసికొనెను.

ఆ భాషకు విశ్వవిద్యాలయములో తొలిపీఠము ఏర్పడినది మఱి రెండు శతాబ్దుల తరువాత, 1589లో. స్థలము సియేనా, నెలకొల్పినవాడు టస్కనీ ప్రభువైన మొదటి ఫెర్డినాండు, తొలి ఆచార్యుడు దియోమెదె బోర్గేసీ. గమనింపదగిన విశేష మేమనగా, ఈ పీఠము ముఖ్యముగా ఇటలీవారికొఱకు కాదు. ధర్మశాస్త్రము చదువవచ్చిన జర్మను విద్యార్థులకు టస్కను భాష నేర్పుటకై ఇది పుట్టినది. తల్లిభాషను మరల బడిలో నేర్చుకొననేల యను ప్రశ్న మన పెద్దలకు మాత్రమే పుట్టినది కాదన్నమాట. బోర్గేసీ తరువాత ఆ స్థానమును పొందిన చెల్సొ చిత్తదీని భాషాచరిత్రపై చేసిన కృషి నేటికిని పండితులకు స్మరణీయము.

పీఠము ఆలస్యమైనను భాషావివాదము మాత్రము ముందే మొదలైనది. ఇటాలియను సాహిత్యచరిత్రలో 'భాషాప్రశ్న' అను పేర ప్రసిద్ధమైన ఈ చర్చలో ప్రధానగ్రంథము పియెత్రొ బెంబొ 1525లో ప్రకటించిన సంవాదము. పద్యమునకు పెత్రార్క, గద్యమునకు బొక్కాచ్చొ ఆదర్శములని, అనగా రెండువందల యేండ్లనాటి ఫ్లోరెన్సు గ్రంథభాషయే ప్రమాణమని ఆయన సిద్ధాంతము. దాంతే పదజాలములోని మోటుదనము ఆయనకు రుచింపలేదు. ఈ నియమమును విధించిన బెంబొ ఫ్లోరెన్సువాడు కాడు, వెనీసువాడు. తమ వీధిలో వినబడు భాషను నమ్ముకొన్నవారికి గ్రంథభాష అనవసరముగా కనబడును. పుస్తకములనుండియే ఆ భాషను సంపాదించుకొన్నవానికి దాని నియమములు ప్రాణప్రదములగును. 1583లో ఫ్లోరెన్సులో వెలసిన క్రుస్కా పరిషత్తు సంకలించిన నిఘంటువు 1612లో అచ్చయినది. ఫ్లోరెన్సు భాషకు కోశమైన ఆ గ్రంథము ముద్రితమైనది కూడ వెనీసులోనే.

ఫలిత మేమి? మూడున్నర శతాబ్దులపాటు ఇటలీవారిలో అత్యధికసంఖ్యాకులకు ఇటాలియను పుస్తకములో చదివెడి భాషయే కాని ఇంటిలో మాటలాడెడి భాష కాలేదు. 1861లో దేశము ఏకమైన నాటికి జనులలో ఇటాలియను వాడగలవారు నూటికి రెండున్నరయే యని తుల్లియొ దె మౌరొ 1963లో లెక్క గట్టెను. ప్రాథమికవిద్యను దాటి చదివినవారిని, టస్కనీ రోముల అక్షరాస్యులను మాత్రమే ఆయన పరిగణించెను. టస్కనీలోను, మధ్య ఇటలీలో కొంతభాగమునను పుట్టినవారు నిరక్షరాస్యులైనను ఆ భాషీయులే కదా యని అర్రీగొ కస్తెల్లాని 1982లో వాదించి, ఆ సంఖ్యను నూటికి సుమారు పదికి పెంచెను. ఎవరి లెక్క సరియైనదను చర్చకంటె, ఇద్దఱును ఎవరిని 'భాష తెలిసినవారు' అనుచున్నారన్నది మాకు ముఖ్యముగా తోచుచున్నది. ఒకరికి భాష చదువువలన వచ్చునది. మఱియొకరికి పుట్టుకవలన వచ్చునది.

ఈ రెండు దృష్టులును అంతకుముందే ఢీకొన్నవి. నవలాకారుడైన మంజోని 1868లో విద్యామంత్రికి సమర్పించిన నివేదికలో, నేటి ఫ్లోరెన్సు నగరవాసుల వాడుకభాషనే దేశమంతట పాఠశాలలద్వారా వ్యాపింపజేయవలెనని సూచించెను. అందుకు సాధనముగా ఒక నిఘంటువు వెలువడసాగెను. దాని పేరులో 'క్రొత్త' అను అర్థముగల పదమును దేశమంతట వ్రాయు 'నువోవొ' రూపమున గాక, ఫ్లోరెన్సువారు పలుకునట్లు 'నోవొ' అని ముద్రించిరి. మిలానులో తులనాత్మక భాషాశాస్త్రాచార్యుడైన అస్కోలి 1873లో తన భాషాశాస్త్రపత్రికకు వ్రాసిన ఉపోద్ఘాతమున మొట్టమొదట పట్టుకొన్నది ఈ ఒక్క అక్షరమునే! ఒక నగరపు పలుకును పట్టుకొనివచ్చి దేశముపై అతికించినంతమాత్రమున భాషైక్యము కలుగదనియు, జర్మనీకి అట్టి నగర మొకటి లేకున్నను విద్యావ్యాసంగముల విస్తృతివలన ప్రమాణభాష స్థిరపడినదనియు, ఇటలీకి కొఱవడినది ఆ వ్యాసంగమే యనియు ఆయన వాదము. మంజోనిపై ఆయనకు గౌరవము తక్కువ కాదు. అయినను ఈ విషయమున చరిత్ర అస్కోలి పక్షమునే ఎక్కువగా సమర్థించినదని మా నమ్మకము.

సాహిత్యచరిత్ర ఒక పాఠ్యశాఖగా రూపొందుటకు ముఖ్యకారకుడు ఫ్రాంచెస్కొ దె సాంక్తిస్. నేపుల్సు రాజ్యమున చెఱసాలలో మ్రగ్గి, దేశభ్రష్టుడై, 1856 నుండి 1860 వఱకు జూరిచ్ నగరపు పాలిటెక్నిక్కులో ఇటాలియను సాహిత్యము బోధించెను. ఏకీకృత ఇటలీకి తొలి విద్యామంత్రులలో నొకడయ్యెను. 1870-71లో వెలువడిన ఆయన సాహిత్యచరిత్ర ఒక జాతి అంతరాత్మ కథవలె సాగును. తేదీలకొఱకు దానిని తెఱచువాడు నిరాశపడును. అందులకు ప్రతిగా, పత్రములను వెదకి నిర్ధారణచేయు చారిత్రకపద్ధతివారు 1883లో ఒక పత్రికను స్థాపించి బలపడిరి. భాషాచరిత్రకు ప్రత్యేకపీఠము 1938లో గాని రాలేదు. ఫ్లోరెన్సులో దానిని మొదట అధిష్ఠించిన బ్రూనో మిల్యోరీని 1960లో ప్రకటించిన బృహద్గ్రంథము, 960వ సంవత్సరమున కాపువాలో ఒక భూవివాదపు తీర్పుపత్రమున నమోదైన సాక్షివాక్యముతో మొదలైన భాషకు వేయేండ్లు నిండిన సందర్భమునకు తగినట్లుగా వచ్చినది.

దేశాంతరములలో ఈ శాఖను నాటినవారు పెక్కుమంది ప్రవాసులు. మొట్సార్టు సంగీతరూపకములు మూడింటికి సాహిత్యము కూర్చిన లొరెంజొ దా పోంతె 1825లో న్యూయార్కు నగరపు కొలంబియా కళాశాలలో తొలి ఇటాలియను ఆచార్యుడయ్యెను. జీతము లేదు, విద్యార్థులిచ్చు రుసుమే ఆధారము, విద్యార్థులా, స్వల్పము. లండనులో 1828లో ఆచార్యపదవి పొందిన అంతోనియొ పానీజ్జి స్వదేశమునుండి పాఱిపోయి వచ్చి, అచ్చట పరోక్షమున మరణశిక్షకు గుఱియైనవాడు. ఆయన తరువాత బ్రిటిషు మ్యూజియము గ్రంథాలయమునకు అధిపతియై దానిని తీర్చిదిద్దిన సంగతి మనవారికి తెలిసినదే.

ఇక విద్యార్థి చేయు పని. ఇటలీలో 1999 సంస్కరణము తరువాత మూడేండ్ల పట్టమును, దానిపై రెండేండ్ల ఉన్నతపట్టమును ఏర్పడినవి. సాహిత్యము, భాషాచరిత్ర, గ్రంథపాఠశాస్త్రము అను మూడును అందు వేర్వేఱు శాఖలు. ఈ మూడవది అంత ప్రాముఖ్యము వహించుటకు కారణము, ఆ సాహిత్యపు ముగ్గురు ఆదికవుల గ్రంథములు మూడు విభిన్నరీతుల మనకు చేరుటయే.

దాంతే 1321లో రవెన్నాలో మరణించెను. ఆయన స్వహస్తముతో వ్రాసిన పంక్తి ఒక్కటియు దొరకలేదు. 'కొమ్మేదియా' కావ్యమునకు మాత్రము ఖండితప్రతులతో కలిపి సుమారు ఎనిమిదివందల వ్రాతప్రతులున్నవి. కాలము తెలిసినవానిలో ప్రాచీనములు 1336, 1337 నాటివి. ఈ రెండవదానిని వ్రాసిన ఫ్రాంచెస్కొ ది సెర్ నార్దొ అను లేఖకుడు నూఱు దాంతేలను వ్రాసి ఆ ధనముతో కుమార్తెల పెండ్లిండ్లు చేసెనని ఒక కథ ప్రచారమున నున్నది. కథ నిజమైనను కాకున్నను, ఆ కాలమున ఈ కావ్యపు ప్రతులు ఎంత వేగముగా పుట్టుచుండెనో దానివలన తెలియును. వేగమున్నచోట తప్పులుండును.

ఈ కావ్యమునకు ఛందస్సే ఒక కోట. మూడేసి పంక్తుల గుచ్ఛమున ఒకటవ, మూడవ పంక్తులకు అంత్యప్రాస కుదురును. నడిమి పంక్తి ప్రాస తరువాతి గుచ్ఛమునకు మొదటిదియు మూడవదియు నగును. ఇట్లు సర్గమంతయు గొలుసుకట్టుగా సాగును. లేఖకు డొక గుచ్ఛమును విడిచినను, స్వకపోలకల్పితమైన దానిని చేర్చినను గొలుసు తెగి బయటపడును. పదునాలుగువేలకు మించిన పంక్తులుగల కావ్యమునకు ప్రక్షిప్తముల బెడద దాదాపు లేకుండుటకు ఇదియే హేతువు. మన భారతభాగవతముల పరిష్కర్తలు ఈ మాట విని అసూయపడుదురేమో! కాని పంక్తిలోపలి పదమును ప్రాస కాపాడదు. మన యతిప్రాసలైనను అంతే కదా. ఆ స్థానముల అక్షరములను అవి నిలుపును, తక్కిన పాదమును లేఖకుని దయకు వదలును.

ఒక్క ఉదాహరణము చూతము. నరకఖండము రెండవ సర్గలో బెయాత్రిచె వర్జిలును సంబోధించుచు ఆయన కీర్తి శాశ్వతమని చెప్పును. 'లోకము' ఉన్నంతవఱకు అది నిలుచునని కొన్ని ప్రతులు. 'చలనము' ఉన్నంతవఱకు అని కొన్ని ప్రతులు. ఇటాలియనులో మొదటిది 'మొందొ', రెండవది 'మోతొ'. అక్షరములలో భేదము స్వల్పము. చలనపాఠమును సమర్థించువారు ఇట్లందురు: కాలము చలనమునకు కొలత యని అరిస్టాటిలు మతము, దాంతేకు అది కరతలామలకము, ఆ శాస్త్రార్థము తెలియని లేఖకుడు సులభమైన 'లోకము' అను పదమును పెట్టెను, పైగా వెనుకటి పంక్తిలో 'లోకము' ఉండుటచే కలము తానై దానినే మరల వ్రాసినది. లోకపాఠమును సమర్థించువారు, ఆ పునరుక్తి కవి బుద్ధిపూర్వకముగా చేసినదే యనియు, ప్రాచీనప్రతుల బలము దానికే యున్నదనియు అందురు. 'క్లిష్టపాఠమే మేలు' అను సూత్రమును వల్లించినంతమాత్రమున ఈ వ్యాజ్యము తెగదు. విద్యార్థి రెండు పక్షములను వాదింపగలవలెను; అటుపై తన తీర్పునకు కారణము చెప్పవలెను.

ప్రతులను వంశవృక్షముగా కూర్చి మూలమును సాధించు లాఖ్‌మన్ పద్ధతి ఈ కావ్యముకడ చిక్కుపడుటకు హేతువు సంకరము. ఒక లేఖకుడు రెండుమూడు ప్రతులను ముందుంచుకొని, నచ్చిన పాఠమును ఏరుకొన్నచో వంశము కలగాపులగమగును. ఈ పనిలో అగ్రగణ్యుడు సాక్షాత్తు బొక్కాచ్చొయే. ఆయన ఈ కావ్యమును మూడుమాఱులు స్వహస్తముతో వ్రాసెను. ఆయన రుచి గొప్పది. ఆయన పేరు గొప్పది. కావుననే ఆయన కల్పిన పాఠములు తరువాతి ప్రతులలోనికి వఱదవలె ప్రవహించినవి. కార్ల్ విత్తె 1862లో నాలుగు ప్రతులను ఆధారము చేసికొనెను. మికేలె బార్బి 1891లో 396 స్థలములను ఎన్నుకొని ప్రతులన్నిటిని అచ్చటనే పరీక్షింపవలెనని ప్రతిపాదించెను. జోర్జొ పెత్రోక్కి 1966-67 సంపుటములలో బొక్కాచ్చొ ప్రభావమునకు లోనుగాని, సుమారు 1355కు పూర్వపు ప్రతులను ఇరువదియేడింటినే గ్రహించెను. పై పంక్తిలో ఆయన 'లోకము' పాఠమునే నిలిపెను. 2001లో సాంగ్వినేతి ఏడు ప్రతులు చాలునని, అందును 1352 నాటి వాటికను ప్రతికి అగ్రస్థాన మిచ్చి మఱియొక కూర్పు వెలువరించెను. అర్వాచీనప్రతులన్నియు హీనప్రతులు కావని జోర్జొ పస్క్వాలి 1934లో చేసిన హెచ్చరికను ఇచ్చట స్మరింపవలెను. ఆధునికకాలమున వ్రాయబడిన తాటాకుప్రతులతో పని చేయు మన విద్యార్థులకు ఆ గ్రంథము అవశ్యపఠనీయము.

పెత్రార్క విషయము దీనికి సరిగా ప్రతికూలము. ఆయన 366 ఖండికల సంపుటికి కవి పర్యవేక్షణమున సిద్ధమైన ప్రతి వాటికను గ్రంథాలయమున 3195 సంఖ్య గల లాటిను విభాగపు పుస్తకముగా నున్నది. కొంతభాగము జొవాన్నీ మల్పగీని అను లేఖకుడును, తక్కినది కవియే స్వయముగాను వ్రాసిరి. ఒకప్పుడు బెంబొ చేతనున్న ఈ పుస్తకము తరువాత మఱుగున పడి, 1886లో పియేర్ ద నొలాక్ గుర్తించువఱకు దాని విలువ తెలియలేదు. దాని ప్రక్కనే 3196 సంఖ్య గల చిత్తుకాగితములున్నవి. కొట్టివేతలు, దిద్దుబాట్లు, వాని అంచులలో ఏ దినమున ఏ వేళ ఏమి మార్చినదియు టిప్పణములు. ఆ టిప్పణములన్నియు లాటినులోనే! ఇటాలియను గీతమును దిద్దుకొనుచు ఆ మహాకవి తనలో తాను లాటినులో మాటలాడుకొనెను. దేశభాషాకవి పాండిత్యభాషతో ఎట్లు కాపురము చేసెనో తెలుపుటకు ఇంతకంటె మంచి సాక్ష్యము మాకు కనబడలేదు.

బొక్కాచ్చొ 'దెకమెరోన్' కథ ఇంకను విచిత్రమైనది. బెర్లినులో హామిల్టన్ 90 అను పేర నున్న ప్రతిని చిరకాలము ఏదో మంచి లేఖకుని వ్రాతగానే భావించిరి. అందు తప్పులున్నవి, కావున గ్రంథకర్తది కాదనిరి. 1962లో విత్తోరె బ్రాంకా, పి. జి. రిచ్చి అను పండితులు లిపిని పరీక్షించి, సుమారు 1370లో బొక్కాచ్చొ వార్ధక్యమున స్వయముగా వ్రాసికొన్న ప్రతియే ఇది యని నిరూపించిరి. గ్రంథకర్త తన గ్రంథమును తానే ఎత్తి వ్రాసికొనునపుడు కూడ లేఖకునివలెనే పదములు విడుచును, పంక్తులు దాటును. మూలప్రతి దొరకినచో పరిష్కర్తకు పని యుండదనుకొనువారికి ఈ ప్రతి సమాధానము. పైగా అందు కొన్ని పత్రములు లోపించినవి. ఆ భాగములకు ఇతరప్రతులను ఆశ్రయింపక తప్పదు.

అచ్చుయంత్రము వచ్చిన పిమ్మటనైనను పాఠము స్థిరపడలేదు. అరియోస్తొ తన మహాకావ్యమును 1516, 1521, 1532 సంవత్సరములలో మూడుమాఱులు అచ్చొత్తించెను. నలువది సర్గలు నలువదియాఱైనవి. అంతేకాదు, ఫెరారా ప్రాంతపు ఛాయలను తుడిచి, బెంబొ నియమములకు అనుగుణముగా 'ఎల్' అను ఉపపదమును 'ఇల్' అని దిద్దుకొనెను. మంజోని తన నవలను 1827లో ప్రకటించి, ఫ్లోరెన్సుకు పోయి అచ్చటి పలుకుబడిని విని, 1840-42 నాటికి గ్రంథమంతయు తిరుగవ్రాసెను. 'నాకు ఉండెను' అను అర్థమున గ్రంథభాషలో 'అవేవ' అనుచుండిరి. ఆయన వాడుకను అనుసరించి 'అవేవొ' అనెను. ఒకడు వాడుకనుండి గ్రంథభాషకును, మఱియొకడు గ్రంథభాషనుండి వాడుకకును నడచిరి. కన్యాశుల్కము 1897, 1909 కూర్పులను ప్రక్కప్రక్కన నుంచుకొని చదివిన మన పాఠకులకు ఇట్టి పరిశ్రమ క్రొత్త కాదు.

ఇట్టి దిద్దుబాట్లను సాహిత్యవిమర్శకు ఆధారముగా గ్రహింపవచ్చునా? అరియోస్తొ స్వహస్తలిఖితభాగములు 1937లో ప్రకటింపబడగనే జాన్‌ఫ్రాంకొ కొంతీని వానిని పురస్కరించుకొని, కావ్యము సిద్ధవస్తువు కాదు, నిరంతరసాధన యని వ్యాసము వ్రాసెను. 1947లో వృద్ధుడైన క్రోచె దీనిని ఖండించుచు, చిత్తుకాగితములవలన కళోత్పత్తి రహస్యము తెలియు ననుట భ్రమ యనెను. మఱుసటి యేట కొంతీని ఆ 'చిత్తుకాగితములు' అను ఎగతాళిమాటనే తన పద్ధతికి బిరుదుగా స్వీకరించి బదులు చెప్పెను. మా మటుకు మేము క్రోచె ఆక్షేపణలో సారము లేకపోలేదని తలతుము. విడిచిన పదముల పట్టికను చూచినంతమాత్రమున నిలిచిన పదము ఏల అందమైనదో తెలియదు. అయినను ఆ పట్టిక లేనిదే, కవి యెదుట ఏయే మార్గము లుండెనో, వానిలో దేనిని కాదనెనో చెప్పుట ఊహయే యగును. తరగతిలో ఈ వివాదమును ముందుగా చెప్పి, ఆ తరువాత 3196వ పుస్తకపు ఛాయాప్రతిలో ఒక పుటను విద్యార్థుల చేతి కిచ్చి, కొట్టివేసిన పంక్తిని మొదట చదువుమనుట మాకు ఉచితముగా తోచు పద్ధతి.